గోస చెప్పుకునే చోటు: మీ గల్లీలో కష్టకాలపు ముచ్చట్ల కూడిక పెట్టుకోవడం ఎలా

2020లో సద్దుల బతుకమ్మ అక్టోబర్ 24న వచ్చింది. హైదరాబాద్‌లోని సరూర్‌నగర్ చెరువు నీళ్లు మా గల్లీలోకి వచ్చి అప్పటికి పది రోజులు. తంగేడు పువ్వు కోసం తిరిగే ఓపిక ఎవరికీ లేదు. ఎవరో మార్కెట్ నుంచి రెండు కిలోల బంతిపూలు తెస్తే అందరం కలిసి ఒక్కటే బతుకమ్మ పేర్చాం. గోడల మీద నడుమెత్తున నీటి మరక ఇంకా ఆరలేదు. మాస్కులు పెట్టుకునే నాలుగు పాటలు పాడి ఆపేశాం.

పాట ఆగింది గానీ ఎవరూ ఇంటికి కదల్లేదు. గల్లీ చివరి ఇంటి పెద్దమ్మ ఉన్నట్టుండి, "నీళ్లొచ్చిన రాత్రి నేను బియ్యం డబ్బా ఎత్తి ఫ్రిజ్ మీద పెట్టిన. తెల్లారి చూస్తే డబ్బాతో సహా ఫ్రిజ్జే తేలుతున్నది" అంది. పది రోజుల్లో మొదటిసారి అందరం పగలబడి నవ్వాం. ఆ నవ్వు వెనకాలే ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. రాత్రి పదిన్నర దాకా నిలబడే మాట్లాడుకున్నాం.

అప్పటి నుంచి మా గల్లీలో ఇలాంటి కూడికలు పదిహేనో పదహారో పెట్టి ఉంటాం. వరద గురించి, కరోనాలో పోయినవాళ్ల గురించి, ఉద్యోగాలు ఊడినప్పుడు. కొన్ని బాగా సాగాయి. రెండు మూడు చెడిపోయాయి, అందులో ఒకటి పూర్తిగా నా తప్పే. మీ బస్తీలోనో అపార్ట్‌మెంట్‌లోనో ఇలాంటిది పెట్టుకోవాలనుకుంటే మాకు తెలిసింది ఇది.

మొదటి మెట్టు: తొందరపడకండి

ఇల్లు మునిగిన మర్నాడే మనుషుల్ని కూర్చోబెట్టి "మీ బాధ చెప్పండి" అనకూడదు. ఆ రోజు వాళ్లకు కావలసింది పొడి చాప, మంచినీళ్లు, ఫోన్ ఛార్జింగ్. పెద్ద ప్రమాదాలు జరగ్గానే బాధితులతో జరిగిందంతా వరసగా చెప్పించే పద్ధతి ఒకప్పుడు చాలా దేశాల్లో ఉండేది. తర్వాత పరిశోధకులు లెక్క చూస్తే దానివల్ల మేలేమీ కనిపించలేదు, కొందరికి ఇబ్బంది పెరిగింది కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకం చెప్పేది మూడు మాటలే: చూడు, విను, కలుపు. ఎవరికి ఏం అవసరమో చూడాలి, చెబితే వినాలి, సాయం దొరికే చోటుతో కలపాలి. చెప్పమని గుచ్చి అడగడం అందులో లేదు.

అందుకని మొదటి వారం, పది రోజులు బురద ఎత్తే పనికే వదిలేయండి. ఆ రోజుల్లో కథలు వాటంతట అవే పుడుతుంటాయి. ఆ నవంబర్‌లో పదివేల రూపాయల వరద సాయం కోసం మీసేవ ముందు లైన్లో నిలబడినప్పుడు నేను విన్నన్ని ముచ్చట్లు ఇంకెప్పుడూ వినలేదు. మీరు చేయాల్సిందల్లా ఎవరు చెప్పాలనుకుంటున్నారో, ఎవరు తప్పించుకు తిరుగుతున్నారో కనిపెట్టి ఉండటం.

రెండో మెట్టు: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు

ఎనిమిది మంది నుంచి పన్నెండు మంది దాకా చాలు. ఇరవై దాటితే అది సభ అవుతుంది. సభలో మనిషి గొంతు మారిపోతుంది, "సోదర సోదరీమణులారా" వచ్చేస్తుంది. మా రెండో కూడికకు నేను షామియానా వేయించి, మైకు తెప్పించి, ఒక లోకల్ లీడర్‌ను కూడా పిలిచాను. ఆయన ఇరవై నిమిషాలు మాట్లాడాడు. మిగతావాళ్లు మైకు పట్టుకుని "దేవుడి దయ వల్ల బాగానే ఉన్నాం" అని కూర్చున్నారు. ఖర్చు మూడు వేలు, బయటికొచ్చిన ముచ్చట ఒక్కటీ లేదు.

చోటు విషయంలో ఒకటే జాగ్రత్త. గల్లీలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు కలిసి ఉంటే గుడి మండపమూ వద్దు, మసీదు పక్క హాలూ వద్దు. ఎవరికీ చెందని చోటు చూడండి. మాకు కలిసొచ్చింది డాబా. చాపలు, నీళ్ల క్యాను, ఒక ఫ్లాస్కు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు. అపార్ట్‌మెంట్ అయితే సెల్లార్‌లో కార్లు లేని మూల. కుర్చీలు వద్దంటాను నేను. కుర్చీలు వేస్తే పెద్దవాళ్లు ముందు వరసలో, పనివాళ్లు గోడకు ఆనుకుని తేలతారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మాత్రం తప్పక వేయండి.

నల్లా వచ్చే రోజు అస్సలు పెట్టకండి. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే గల్లీల్లో నల్లా టైముకు ఎంత గొప్ప కథ నడుస్తున్నా బిందెలు పిలుస్తాయి. ఆడవాళ్లకు మూడున్నర నుంచి అయిదు మధ్య కాస్త ఊపిరి ఆడుతుంది. మగవాళ్లు కావాలంటే ఆదివారం పొద్దున. ఒకటిన్నర గంటకు మించనివ్వకండి.

మూడో మెట్టు: మొదట పాత కథ చెప్పండి

కొత్త దెబ్బ గురించి నేరుగా అడిగితే నోరు పెగలదు. వందేళ్ల నాటి దెబ్బ గురించి మొదలుపెడితే భయం లేకుండా వింటారు. హైదరాబాద్‌లో అలాంటి కథలకు కరువు లేదు.

నేను ఎప్పుడూ 1908 సెప్టెంబర్ 28తోనే మొదలుపెడతాను. ఆ రోజు మూసీ పొంగింది. అఫ్జల్ పుల్, ముసల్లం జంగ్ పుల్, చాదర్‌ఘాట్ పుల్ అనే మూడు వంతెనలు తెగిపోయాయి. 1578లో కట్టిన పురానాపుల్ మాత్రం దెబ్బలు తిని నిలబడింది. సుమారు 15,000 మంది పోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక పెద్ద చింతచెట్టు ఉంది. ఆ రోజు 150 మంది దాకా ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. చెట్టు ఇప్పటికీ ఉంది. ఏటా అదే తేదీన కొందరు దాని కిందికి వచ్చి పోయినవాళ్లను తలచుకుంటారు.

ఇంతవరకు చెప్పి ఆగుతాను. తర్వాత ఒక ప్రశ్న అడుగుతాను: "ఆ కొమ్మల మీద కూర్చున్నవాళ్లు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకుని ఉంటారు?"

దీనికి జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు కాబట్టి ఎవరైనా చెప్పొచ్చు. మొదట పిల్లలే అందుకుంటారు. "నిద్రపోకు, పడిపోతవ్ అని ఉంటరు" అన్నాడు ఒక పిల్లవాడు. పక్కనున్న తాత, "ఎవరో ఒకరు పసిపిల్లను చీరకొంగుతో కొమ్మకు కట్టి ఉంటరు" అన్నాడు. అంతే, మూడో ఇంటి కోడలు తల వంచుకునే మొదలుపెట్టింది: "మేం కూడా బాబును అట్లనే కట్టినం. వాటర్ ట్యాంకు పైపుకు, నా చున్నీతోని." అప్పటిదాకా ఆ సంగతి వాళ్ల అత్తకు కూడా తెలియదు. నూట పన్నెండేళ్ల కింది చెట్టు కొమ్మ మీద నుంచి మా డాబా మీదికి ఒక్క వాక్యంలో దిగొచ్చేసింది.

అదే వరదలో ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఆయన ఒక్కడే మిగిలాడు. ఆ తర్వాత కూడా బతికాడు, రుబాయీలు అనే నాలుగు పాదాల పద్యాలు రాశాడు. ఆయన గురించి చెప్పేటప్పుడు "అయినా విధిని జయించాడు" లాంటి తోక తగిలించకండి. ముగ్గుర్ని పోగొట్టుకున్న మనిషి ఏం జయిస్తాడు? మిగిలాడు, రాశాడు అని చెప్పి వదిలేయండి. వినేవాళ్లకు అది చాలు.

మీరు సికింద్రాబాద్ వైపు వాళ్లయితే బోనాల కథ ఉంది. 1813 ప్రాంతంలో ఇక్కడ మహమ్మారి ప్రబలిన సమయంలో ఉజ్జయినిలో ఉన్న ఇక్కడి సైనికులు అక్కడి మహంకాళికి మొక్కుకున్నారనీ, ఊరికి తిరిగొచ్చి 1815లో అమ్మవారిని నిలిపారనీ చెప్పుకుంటారు. ఇప్పటికీ రంగంలో, అంటే భవిష్యవాణి చెప్పే తంతులో, పచ్చికుండ మీద నిలబడిన ఆమెను జనం అడిగేది అవే: వానలు ఎట్లుంటయి, రోగాలు వస్తయా? పాతబస్తీలో అయితే మొహర్రం పదో రోజు, ఆషూరా నాడు, దబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం అనే పీరు ఊరేగింపుగా కదిలి చాదర్‌ఘాట్ వైపు వస్తుంది. ఆ దారి పొడవునా పాడే నోహా శోకగీతాలు, అంతకుముందు మజ్లిస్ సభల్లో చదివే మర్సియా శోకపద్యాలు, ఊరు ఊరంతా కలిసి ఏడ్వడానికి ఒక రోజు పెట్టుకోవడమే కదా. ఒగ్గుకథ తెలిసిన కుర్మ పెద్దలు మీ చుట్టుపక్కల ఉంటే ఇక మీకు నాలాంటివాళ్ల సలహా అక్కర్లేదు. మల్లన్న కథలో ఒక ఘట్టం చెప్పించండి, డోలు ఆగాక కూడా జనం లేవరు.

పాత సంగతులు సరిచూసుకోవాలంటే అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది, సుల్తాన్ బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తే ఇంకా మంచిది.

నాలుగో మెట్టు: ప్రశ్న సరిగ్గా అడగండి

మొత్తం కూడిక దీని మీదే నిలుస్తుంది. కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

"ఈ కష్టాన్ని ఎలా తట్టుకున్నారు?" అని అడగకండి. నేను ఏడాది పాటు ఇదే అడిగాను. "ఏం తట్టుకునుడు అక్కా, అట్ల గడిచిపోయింది" అనే జవాబే వచ్చేది. ఆ ప్రశ్న ఎదుటి మనిషిని ధైర్యవంతుడిగా కనిపించమంటోంది. తాము ధైర్యంగా ఉన్నామని నిజంగా కష్టపడ్డవాళ్లెవరూ అనుకోరు. టీవీవాళ్లు అడిగే "ఎలా అనిపించింది?" కూడా అంతే, ఏడుపు కోసం అడిగినట్టుంటుంది.

చేతులు ఏం చేశాయో అడగండి. కాళ్లు ఎటు వెళ్లాయో అడగండి.

నీళ్లు గడప దాటినప్పుడు ముందు ఏ వస్తువు పట్టుకున్నారు? మర్నాడు పొద్దున మొదట ఏం తిన్నారు, ఎవరు పెట్టారు? మొదటి ఫోన్ ఎవరికి చేశారు, ఎత్తారా? చెప్పుల్లేకుండా బయటికొచ్చింది ఎవరు? తడిసిన బట్టల్లో ముందు ఏవి ఉతికారు? ఇలాంటి చిన్న ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఎవరూ సిగ్గుపడరు. ఎలక్ట్రీషియన్ అన్నను మొదటి ప్రశ్న అడిగితే, "మెయిన్ ఆపిన. మనింటిది కాదు, వరసగా తొమ్మిది ఇండ్లది" అన్నాడు. అంతవరకు ఆ తొమ్మిది ఇళ్లవాళ్లకు కరెంటు దానంతట అదే పోయిందనే తెలుసు! ఆయనకు కూడా అది పెద్ద పని అనిపించలేదు, నలుగురిలో పైకి చెప్పేదాకా. చెబుతూ చెబుతూ మధ్యలో ఒక్క క్షణం ఆగిపోయాడు. తను చేసింది తన చెవులతో మొదటిసారి విన్నట్టు.

ఈ కూడికల వల్ల ఏం ఒరుగుతుందని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఆ ఒక్క క్షణాన్నే. నిబ్బరం అని మనం పిలిచేది ఇంకొకరు వచ్చి నూరిపోస్తే వచ్చేది కాదు. అది అప్పటికే ఆ మనిషి చేతుల్లో పని రూపంలో ఉంటుంది. దాన్ని పేరు పెట్టి చెప్పుకునే సందు దొరకాలి.

కష్టం వేరే రకమైతే ప్రశ్నలూ మారాలి. ఉద్యోగం పోయినవాళ్లను "ఇప్పుడేం చేస్తున్నారు?" అని అడిగితే లేచి వెళ్లిపోతారు. "ఇంట్లో ఎప్పుడు చెప్పారు? చెప్పేదాకా పొద్దున్నే బ్యాగు తగిలించుకుని ఎక్కడికి వెళ్లేవారు?" అని అడగండి. మా రెండో అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ తమ్ముడు ఇరవై రెండు రోజులు రోజూ మెట్రో ఎక్కి, హైటెక్ సిటీలో దిగి, అదే ఇడ్లీ బండి దగ్గర తిని, సాయంత్రం దాకా తిరిగి వచ్చేవాడట. "నా ఉద్యోగం పోయిందని మా ఆవిడ కన్నా ముందు ఇడ్లీ అన్నకే తెలిసింది. రోజూ ఎనిమిదిన్నరకు వచ్చేవాడివి, పదింటికి వస్తున్నావేంది అని ఆయనే పట్టేసుకున్నడు" అని చెప్పి నవ్వాడు. ఆ వాక్యం విన్నాక కింది పోర్షన్ అన్న తనకూ నాలుగు నెలలుగా జీతం సగమే వస్తోందని బయటపెట్టాడు.

గెలుపు కథలు చెప్పేవాళ్లను మాత్రం పిలవకండి. సున్నా నుంచి కోట్లకు ఎదిగినాయన వచ్చి మాట్లాడితే చప్పట్లు మోగుతాయి. ఇంటికి వెళ్లాక నెల అద్దె కట్టలేనివాడికి తన మీద తనకు ఇంకాస్త చిన్నచూపు మిగులుతుంది. ఇది నా అభిప్రాయం, గట్టి అభిప్రాయమే.

అయిదో మెట్టు: వినడం

నోటికి అలవాటైన కొన్ని మాటల్ని ఆ గంటన్నర పాటు పక్కన పెట్టించాలి. "కష్టాలు కలకాలం ఉండవు", "అంతా మన మంచికే", "రాసిపెట్టి ఉంది", "నీకన్నా కష్టంలో ఎంతమంది లేరు". ఇవి చెడ్డ మాటలని కాదు. ఇవి వినపడగానే చెప్పే మనిషి నోరు మూసుకుంటుంది, అంతే. "మాకైతే ఇంకా ఎక్కువ నీళ్లొచ్చినయి" అనేది వీటన్నిటికీ రాజు. మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం: ఎవరైనా ఈ మాట అంటే అందరికీ చాయ్ పోయాలి. నవ్వుతూనే మానేశారు.

భాష గురించి పట్టుబట్టకండి. మా డాబా మీద పాలమూరు తెలుగు, దక్కనీ, శ్రీకాకుళం యాస, బిహార్ తమ్ముళ్ల హిందీ అన్నీ నడుస్తాయి. అర్థం కాని ముక్క పక్కవాళ్లు చెబుతారు. మనిషి ఏడ్చేది, దేవుణ్ణి తిట్టేది సొంత భాషలోనే.

ఎవరైనా ఏడిస్తే వెంటనే భుజం తట్టి, నీళ్లు తాగించి, "ఊరుకో ఊరుకో" అనకండి. గ్లాసు దగ్గర పెట్టి ఊరుకోవాల్సింది మీరు. మౌనం పది సెకన్లు దాటితే మనకు కంగారు పుడుతుంది. పుట్టనివ్వండి.

ఇప్పుడు నా తప్పు. కరోనా రెండో వేవ్‌లో భర్త పోయిన ఒక చెల్లె మూడో కూడికకు వచ్చింది. మూలన కూర్చుని వింటోంది. అందరూ చెప్పడం అయ్యాక నేను ఉండబట్టలేక, "నువ్వు కూడా చెప్పమ్మా, గుండె బరువు దిగుతుంది" అన్నాను. పదకొండు మంది తలలు ఆమె వైపు తిరిగాయి. ఆమె ఆస్పత్రి గేటు దాకా చెప్పి, ఆ తర్వాత మాట రాక లేచి వెళ్లిపోయింది. నెలన్నర దాకా నా కంటపడలేదు. తర్వాత ఒక రోజు కూరగాయల బండి దగ్గర కలిసి, "అక్కా, నాకు వినాలని ఉంటది. చెప్పాలని లేదు" అంది. అప్పటి నుంచి ప్రతి కూడికా ఈ మాటతోనే మొదలవుతుంది: "వినడానికి వచ్చినవాళ్లు వినొచ్చు. ఎవరూ అడగరు." ఆ చెల్లె ఇప్పుడు ప్రతిసారీ వస్తుంది. చాయ్ పోసే పని తనే తీసుకుంది. ఇప్పటికీ చెప్పలేదు.

కథలతో పని జరగని సందర్భాలూ ఉంటాయి, దాచిపెట్టుకోవద్దు. వారాల తరబడి నిద్ర లేకపోవడం, అన్నం మానేయడం, పొద్దున్నుంచే తాగడం, "నేను లేకపోతేనే మీకు మంచిది" అనడం లాంటివి కనిపిస్తే కూడికల మీద వదిలేయకండి. ఆ మనిషి పక్కన కూర్చుని టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ కలపండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన సేవ ఇది. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ప్రాణం తీసుకుంటానని అంటుంటే ఒంటరిగా వదలకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి. మా డాబా తలుపు లోపల ఆ నంబరు పెయింట్‌తో రాయించాం.

ఆరో మెట్టు: పిల్లల్ని బయటికి పంపకండి

"పిల్లల ముందు ఎందుకు" అంటారు పెద్దలు. నిజానికి వాళ్లు అప్పటికే అన్నీ చూసి ఉంటారు, మనం చెప్పకపోతే సొంతంగా ఇంకా భయంకరంగా ఊహించుకుంటారు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు 2001 ప్రాంతంలో పిల్లలకు ఇరవై ప్రశ్నలు ఇచ్చారు. మీ అమ్మానాన్నలు ఎలా కలిశారు, మీ అవ్వ ఎక్కడ పెరిగింది లాంటివి. ఇంటి కథలు ఎక్కువ తెలిసిన పిల్లలకు తమ మీద తమకు నమ్మకం ఎక్కువగా కనిపించింది. మా కుటుంబం ఎప్పుడూ ఎదుగుతూనే ఉందనే కథ కన్నా, ఒకప్పుడు బాగున్నాం, ఒకప్పుడు పడ్డాం, అయినా కలిసే ఉన్నాం అనే కథ వాళ్లను ఎక్కువ నిలబెడుతుందని వాళ్లు అంటారు.

ఈ పరిశోధన సంగతి తెలియకముందే మా తాత నాకు ఆ పని చేసిపెట్టాడు. కరువు ఏడాదిలో ఎడ్లను అమ్మి సిటీకి కూలికి వచ్చిన సంగతి ఎప్పుడు చెప్పినా, మలక్‌పేట దగ్గర తాగిన మొదటి చాయ్ ఎంత తీయగా ఉందో కూడా చెప్పేవాడు.

మరీ చిన్నపిల్లలుంటే శవాలు, ఆస్పత్రి గదులు లాంటి వివరాలు వాళ్లు వెళ్లాక మాట్లాడుకోండి. చాక్‌పీసులిచ్చి నేల మీద ఆ రాత్రి గల్లీ బొమ్మ గీయమనండి. మాకు తెలియని సంగతులు ఆ బొమ్మల్లో చాలా ఉన్నాయి. ఒక పాప అందరి ఇళ్ల కన్నా పెద్దగా వీధి కుక్కను గీసింది. అది ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకుందట.

ఏడో మెట్టు: ఫోన్లు

రికార్డు చేయాలని ఎవరికో ఒకరికి తప్పకుండా అనిపిస్తుంది. చేసే ముందు ఒక్కొక్కరినీ విడిగా అడగండి. అందరిలో అడిగితే వద్దనలేరు. వాయిస్ మాత్రమే, వీడియో వద్దు. వాట్సాప్ గ్రూపులో పడితే రాత్రికి రాత్రే అమీన్‌పూర్‌లో ఉండే ఆడపడుచు దాకా పోతుంది, మర్నాటి నుంచి ఎవరూ నోరు విప్పరు. మేం ఒక పాత పెన్‌డ్రైవ్‌లో దాచి, అడిగినవాళ్లకు వాళ్ల ముక్క మాత్రమే ఇస్తాం. ఒక పెద్దాయన పోయాక వాళ్లమ్మాయి వచ్చి ఆయన గొంతు అడిగి తీసుకెళ్లింది.

ఎనిమిదో మెట్టు: కథలోంచి పని తీయండి

1908 వరద కథ చింతచెట్టు దగ్గర ఆగిపోలేదు. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించారు. పైన వరదను ఆపేలా రెండు జలాశయాలు కట్టాలన్నాడు ఆయన. 1920లో ఉస్మాన్‌సాగర్ (మనం గండిపేట అనేది దీన్నే), 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. "గండిపేట నీళ్లు తాగినోడు హైదరాబాద్ వదలడు" అని గొప్పగా చెప్పుకుంటామే, ఆ నీళ్ల వెనక ఉన్నది ఆ వరదే.

మనం డ్యాములు కట్టలేం. కానీ ప్రతి కూడిక చివర పది నిమిషాలు ఒకరు నోట్‌బుక్ తీసుకుని "ఇవాళ్టి కథల్లో మళ్లీ మళ్లీ వచ్చిన వస్తువు ఏది?" అని అడగాలి. మాకు మొదటిసారే దొరికింది. అయిదుగురు చెప్పిన అయిదు వేర్వేరు కథల్లో ఒకే తాళం ఉంది. ఆ రాత్రి డాబా తలుపుకు తాళం వేసి ఉంది, తాళంచెవి ఓనర్ దగ్గర, ఓనర్ ఊళ్లో లేడు. పసిపిల్లలతో మెట్ల మీద నలభై నిమిషాలు నిలబడ్డారు. చివరికి ఆటో అన్న జాకీ రాడ్‌తో కొట్టి పగలగొట్టాడు. ఎవరికి వాళ్లు తమ కంగారులో భాగంగానే చెప్పారు తప్ప, తాళం సంగతి విడిగా ఎవరికీ తట్టలేదు. అయిదు కథలూ పక్కపక్కన పెట్టాకే కనిపించింది.

మర్నాడు మూడు డూప్లికేట్ తాళంచెవులు చేయించాం. ఒకటి మెట్ల గోడకు మేకు మీద, ఒకటి కిరాణా కొట్టులో, ఒకటి పెద్దమ్మ దగ్గర. ఆ తర్వాతి కూడికల్లోంచి వచ్చినవి: సర్టిఫికెట్లు, ఆధార్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి అటక మీద ఉంచడం, డిజిలాకర్‌లో ఎక్కించడం. ఇన్వర్టర్‌ను నడుమెత్తు స్టాండు మీదికి మార్చడం. ఇరవై మీటర్ల నైలాన్ తాడు. మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంటికొకరికి నేర్పడం, ఎలక్ట్రీషియన్ అన్నే నేర్పాడు. షుగర్, బీపీ మాత్రలు వాడేవాళ్ల చీటీ. ఎవరింట్లో నడవలేనివాళ్లు ఉన్నారో ఆ లిస్టు. ఏ పనీ ఒకటి రెండుకు మించి ఒకేసారి పెట్టుకోకండి, పెట్టుకుంటే ఏదీ కాదు. తాడు కొనడానికే మాకు రెండు నెలలు పట్టింది.

పోయిన ఏడు వానాకాలంలో ఒక రాత్రి కరెంటు పోయింది. గల్లీలో నీళ్లు మోకాలి దాకా లేచాయి. నేను టార్చి పట్టుకుని మెట్లెక్కేసరికి మేకు మీద తాళంచెవి లేదు, గుండె జారింది. పైకి వెళ్తే తలుపు బార్లా తెరిచే ఉంది. టార్పాలిన్ కింద అప్పటికే ఏడుగురున్నారు. పెద్దమ్మ మధ్యలో, బియ్యం డబ్బా ఒళ్లో పెట్టుకుని.

"ఈసారి ఫ్రిజ్జును నమ్మలే" అంది.